గిటార్ యాంప్‌లో ప్రీయాంప్ ట్యూబు: చెడినదాన్ని పట్టుకోవడం, సరైనదాన్ని ఎంచుకోవడం, మార్చడం

ట్యూబు యాంప్, అంటే గాజు వాల్వులతో పనిచేసే యాంప్, బుసలు కొడుతోందనో, చిటపటలాడుతోందనో, వాల్యూమ్ పెంచితే కీచుమంటోందనో అనిపించగానే చాలామంది ట్యూబులన్నీ ఒకేసారి కొత్తవి తెప్పించి బిగించేస్తారు. డబ్బు దండగ. గిటార్ సిగ్నల్‌ను మొదట పెంచే ప్రీయాంప్ ట్యూబులు, చివర స్పీకరును మోగించే పవర్ ట్యూబుల్లా తొందరగా అరిగిపోయేవి కావు, ఏళ్ల తరబడి పనిచేస్తాయి. చెడినా అన్నీ కలిసి చెడవు, సాధారణంగా ఒక్కటే చెడుతుంది. అదేదో కనిపెట్టడానికి మీటర్లు అక్కర్లేదు. యాంప్ ముందున్న నాబులు, ఒక పెన్సిలు, బాగుందని తెలిసిన ఒక ట్యూబు ఉంటే చాలు.

ముందు మీ యాంప్ వెనక ఏవి ప్రీయాంప్ ట్యూబులో, ఏవి పవర్ ట్యూబులో గుర్తుపట్టండి. మన బొటనవేలంత ఉండి, అడుగున తొమ్మిది సన్నని పిన్నులు నేరుగా గాజులోంచి బయటికొచ్చి, చాలాసార్లు రేకు తొడుగు కింద దాగి ఉండేవి ప్రీయాంప్ ట్యూబులు. నల్లని లేదా గోధుమరంగు దిమ్మె మీద నిలబడిన పెద్ద గాజు బుడ్లు 6ఎల్6, 6వీ6, ఈఎల్34 లాంటి పవర్ ట్యూబులు. ఇక్కడ ఒక చిక్కుంది. ఫెండర్ బ్లూస్ జూనియర్, వాక్స్ ఏసీ30 లాంటి వాటిలో ఉండే ఈఎల్84 పవర్ ట్యూబే అయినా దానికీ తొమ్మిది పిన్నులే. ప్రీయాంప్ సాకెట్‌లో అది చక్కగా దిగిపోతుంది కూడా. కొంచెం పొడుగ్గా ఉంటుంది, అంతే తేడా. కాబట్టి ఆకారం చూసి కాకుండా గాజు మీది నంబరు చూసి పని మొదలుపెట్టండి.

పవర్ ట్యూబులు మారిస్తే చాలా యాంపుల్లో బయాస్, అంటే ట్యూబులో ఊరికే పారే కరెంటు స్థాయి, సరిచూడాలి. ప్రీయాంప్ ట్యూబులకు ఆ బాధ లేదు. వాటి బయాస్‌ను కాథోడ్ దగ్గరున్న రెసిస్టరే చూసుకుంటుంది. పాతది తీసి కొత్తది పెట్టడమే. అందుకే ఇది ఇంట్లో చేసుకోదగ్గ పని.

చెయ్యి పెట్టే ముందు

ట్యూబు యాంప్ లోపల మూడు నాలుగు వందల వోల్టులు తిరుగుతుంటాయి. ప్లగ్ పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో ఆ వోల్టేజి కొంతసేపు నిలిచే ఉంటుంది, కొన్ని యాంపుల్లో చాలాసేపు ఉంటుంది. అది ప్రాణం తీయగలదు. అందుకని ఒక గీత గీసుకోండి: ట్యూబులు ఛాసిస్ (సర్క్యూట్ ఉండే లోహపు పెట్టె) బయట, సాకెట్లలో కనిపిస్తూ ఉంటే మీరు మార్చుకోవచ్చు. ఛాసిస్‌ను డబ్బాలోంచి బయటికి లాగితే తప్ప ట్యూబు అందకపోతే, కెపాసిటర్లను ఖాళీ చేయడం వచ్చిన మెకానిక్‌కు ఇవ్వండి. వెనక చెక్క పలకో, జాలీ రేకో విప్పడం ఛాసిస్ తెరవడం కిందికి రాదు, అది ఫరవాలేదు.

ట్యూబు తీసే ముందు పవర్ స్విచ్ ఆపండి, గోడ దగ్గర ప్లగ్ తీసేయండి. అరగంట ఆగండి. ట్యూబులు వేళ్లు కాలేంత వేడిగా ఉంటాయి, పక్కనున్న పవర్ ట్యూబులైతే మరీను. స్పీకరు వైరు పీకి పని చేసినవాళ్లు, మళ్లీ ఆన్ చేసే ముందు దాన్ని తగిలించారో లేదో రెండుసార్లు చూసుకోవాలి. స్పీకరు లేకుండా ట్యూబు యాంప్ మోగిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

అమెరికా నుంచి తెచ్చుకున్న యాంప్ అయితే ఇంకో మాట. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. వోల్టేజి మార్చుకునే ఏర్పాటు యాంపులోనే లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. వెనక ప్యానెల్ మీద రాసిన వాట్లకు రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోండి. ఇరవై వాట్ల యాంప్ అంటే స్పీకరుకు ఇచ్చేది ఇరవై, గోడలోంచి లాగేది అంతకు ఎన్నో రెట్లు. అసలు ఇబ్బంది ట్యూబులో కాక ఈ నాసిరకం ట్రాన్స్‌ఫార్మర్లో ఉన్న సందర్భాలు తక్కువేమీ కాదు.

ఏ సాకెట్ ఏం చేస్తుంది

డబ్బా లోపలి గోడకు సాధారణంగా ఒక ట్యూబ్ చార్టు అంటించి ఉంటుంది. అది ఊడిపోయినా భయం లేదు, యాంప్ పేరు, మోడలు నంబరుతో వెతికితే దొరుకుతుంది. సాకెట్లకు వీ1, వీ2, వీ3 అని వరుస పేర్లుంటాయి. సాధారణంగా గిటార్ ప్లగ్ పెట్టే జాక్‌కు దగ్గరగా, పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉండేది వీ1. గిటార్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను మొదట అందుకునేది అదే. ఆ తర్వాతి దశలన్నీ దాని అవుట్‌పుట్‌నే పెంచుకుంటూ పోతాయి. వీ1లో చిన్న చప్పుడు పుడితే స్పీకరు దగ్గర పెద్ద రొదవుతుంది. పవర్ ట్యూబులకు ముందుండే చివరి చిన్న ట్యూబు ఫేజ్ ఇన్వర్టర్, సిగ్నల్‌ను ఒకదానికొకటి ఎదురైన రెండుగా చేసి పవర్ ట్యూబులకు అందిస్తుంది. అక్కడి ట్యూబులో అదే చప్పుడు పుట్టినా దాదాపు వినిపించదు.

మాట వరసకు ఫెండర్ డీలక్స్ రివర్బ్ తీసుకుందాం. దీని వెనక నిలబడి చూస్తే కుడి చివరన ఉండేది వీ1. అది నార్మల్ ఛానెల్‌ది. వీ2 వైబ్రాటో ఛానెల్‌ది. వీ3 రివర్బ్ (ప్రతిధ్వని) పుట్టించే స్ప్రింగులను తోలేది, ఇక్కడ 12ఏటీ7 ఉంటుంది. వీ4లో ఒక సగం స్ప్రింగుల నుంచి తిరిగొచ్చిన సిగ్నల్‌ను పెంచుతుంది, రెండో సగం వైబ్రాటో ఛానెల్ చివరి దశ. వీ5 ట్రెమొలోకి, అంటే వాల్యూమ్ అలలా పెరిగి తగ్గే ప్రభావానికి. వీ6 ఫేజ్ ఇన్వర్టర్, మళ్లీ 12ఏటీ7. ఆ తర్వాత రెండు 6వీ6లు, ఎడమ చివర ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్ ట్యూబు.

ఈ వరస తెలియక చాలామంది ఖరీదైన ట్యూబు కొని వీ1లో పెట్టి, గిటార్‌ను మాత్రం రివర్బ్ ఉంది కదా అని వైబ్రాటో ఛానెల్లో పెట్టి, తేడా ఏదని చెవులు రిక్కించి వింటుంటారు. తేడా ఎలా వస్తుంది? ఆ సిగ్నల్ వీ1 గడప తొక్కనే లేదు. వైబ్రాటో ఛానెల్‌కు మొదటి ట్యూబు వీ2. మీ యాంపులో రెండు ఛానెళ్లుంటే, మీరు వాడే ఛానెల్‌కు మొదటి ట్యూబు ఏదో ముందు తేల్చుకోండి.

దొంగను పట్టుకోవడం

మొదట గిటార్ పీకేయండి. చప్పుడు ఆగిపోతే తప్పు గిటార్‌లోనో, కేబుల్లోనో, గదిలోనో ఉంది. సింగిల్ కాయిల్ పికప్పులు ఫ్యాన్ రెగ్యులేటర్లు, చౌక ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్ల రొదను బాగా పట్టేస్తాయి. పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగా లేకపోతే ఏ ట్యూబూ మిమ్మల్ని కాపాడలేదు. అలాగే మారకుండా ఒకే స్థాయిలో లావుగా ‘హుమ్మ్’ అనే మోత, వాల్యూమ్ సున్నాలో పెట్టినా తగ్గనిది, చాలాసార్లు ముసలిదైపోయిన ఫిల్టర్ కెపాసిటర్లదో, జత కుదరని పవర్ ట్యూబులదో. ప్రీయాంప్ ట్యూబులు మార్చి దాన్ని పోగొట్టాలనుకోవడం వృథా.

గిటార్ లేకుండానే చప్పుడు వస్తోందా? ఇప్పుడు వాల్యూమ్ సున్నాకు తిప్పండి. చప్పుడు ఆగితే అది వాల్యూమ్ నాబుకు ముందున్న దశలో పుడుతోంది. అంటే మీ ఛానెల్ మొదటి ట్యూబు. డీలక్స్ రివర్బ్ వైబ్రాటో ఛానెల్లో అయితే వీ2 మొదటి సగం. ఆగకపోతే నాబు తర్వాతి దశల్లో వెతకాలి: వీ2 రెండో సగం, వీ4, వీ6. రివర్బ్ నాబు పెంచేకొద్దీ బుస పెరుగుతుంటే వీ4 మీద అనుమానం. రివర్బే రాకపోతే వీ3, వీ4, అన్నిటికన్నా ముందు డబ్బా అడుగున స్ప్రింగుల పెట్టెకు వెళ్లే రెండు కేబుళ్లు. ఆ కేబుల్ సగం ఊడి వేలాడుతుండటం ట్యూబు చెడటం కన్నా మామూలు విషయం. ట్రెమొలో ఒక్కటే పనిచేయకపోతే వీ5, దానికన్నా ముందు ఫుట్‌స్విచ్.

ఇలా నాబులతో ఒకటి రెండు ట్యూబుల దాకా వచ్చాక పెన్సిలు తీయండి. యాంప్ ఆన్‌లో ఉంచి, వాల్యూమ్ సగం పెట్టి, పెన్సిల్ వెనకాల రబ్బరుతో ఒక్కో ట్యూబునూ మెల్లగా తట్టండి. రెండో చెయ్యి ఛాసిస్‌కు దూరంగా ఉండాలి, లోహపు కడ్డీలు వద్దే వద్దు. తట్టినప్పుడు స్పీకర్లో ‘టక్’ అని చిన్నగా వినిపించడం సహజం, మొదటి ట్యూబుకు కొంచెం ఎక్కువగా వినిపిస్తుంది. ‘టంగ్’మని గంట కొట్టినట్టు మోగి, ఆ మోత సాగి, కీచుమని కూతగా మారితే ఆ ట్యూబు మైక్రోఫోనిక్ అయింది. లోపలి సన్నని లోహపు ముక్కలు వదులై కదులుతున్నాయన్నమాట. తట్టగానే చిటపటమని, సిగ్నల్ పోయి వస్తుంటే తప్పు ట్యూబుదీ కావచ్చు, సాకెట్‌దీ కావచ్చు.

స్పీకరు, ట్యూబులు ఒకే డబ్బాలో ఉండే కాంబో యాంపుల్లో మైక్రోఫోనిక్ గొడవ ఎక్కువ. స్పీకరు అదురు నేరుగా ట్యూబును కుదుపుతుంది. స్పీకరు విడిగా ఉండే హెడ్‌లో ఏ ఇబ్బందీ పెట్టని ట్యూబే కాంబోలో కూయొచ్చు. దాన్ని పారేయక్కర్లేదు, ఫేజ్ ఇన్వర్టర్ దగ్గర పెట్టుకుంటే హాయిగా పనిచేస్తుంది. ట్యూబుకు తొడిగే సిలికాన్ రింగులు అమ్ముతారు, వాటివల్ల ఒరిగేది కొంచెమే.

చివరి పరీక్ష మార్పిడి. అనుమానం ఉన్న ట్యూబు స్థానంలో బాగుందని తెలిసిన ట్యూబు పెట్టి చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, లేకపోతే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు. డీలక్స్ రివర్బ్‌లో వైబ్రాటో ఛానెల్ మాత్రమే వాయించేవారికి ఈ పరీక్ష ఉచితం. ఖాళీగా కూర్చున్న వీ1లోని 12ఏఎక్స్7ను తీసి వీ2లోనో, వీ4లోనో పెట్టి చూడొచ్చు. కొత్త ట్యూబు పెట్టినా ఆ చిటపట అక్కడే ఉందంటే రెసిస్టరో, సోల్డరో, సాకెట్టో చూడమని మెకానిక్‌కు ఇవ్వాల్సిందే. పాత యాంపుల్లో ప్లేటుకు వోల్టేజి అందించే కార్బన్ రెసిస్టర్లు వయసు మళ్లాక ఇలా చిటపటలాడతాయి.

ఇక కంటికి కనిపించే గుర్తులు. ట్యూబు పైభాగంలో వెండి రంగు పూత ఉంటుంది. అది తెల్లగా పాలపొరలా మారితే గాజు పగిలి లోపలికి గాలి వెళ్లినట్టు, ఆ ట్యూబు పని అయిపోయింది. యాంప్ వేడెక్కాక లోపల నారింజ రంగు వెలుగు కనిపించాలి. వెలుగు లేక, గాజు చల్లగా ఉంటే హీటరు (ట్యూబును లోపల వేడిచేసే తీగ) తెగి ఉండొచ్చు. కొన్ని కొత్త రకం యాంపుల్లో రెండు ట్యూబుల హీటర్లు వరసగా కలిపి ఉంటాయి, ఒకటి తెగితే పక్కదీ ఆరిపోతుంది. జంటగా ఆరిపోతే రెండూ చెడ్డాయని కంగారుపడకండి. అలాగే కొన్ని ట్యూబులు ఆన్ చేసిన క్షణంలో అడుగున తెల్లగా మెరిసి మామూలైపోతాయి. చూసేవాళ్లకు గుండె ఝల్లుమంటుంది గానీ అది జబ్బు కాదు.

ఏది కొనాలి

గిటార్ యాంపుల్లో ఎక్కువగా కనిపించేది 12ఏఎక్స్7. దీన్ని ఆర్‌సీఏ కంపెనీ 1940ల్లో తెచ్చింది. ఒక గాజు బుడ్డిలో రెండు ట్రయోడ్లు, అంటే సిగ్నల్ పెంచే రెండు విడి భాగాలు, ఉంటాయి. దీనికే యూరప్ పేరు ఈసీసీ83. 7025 అన్నా మొదట్లో చప్పుడు తక్కువ ఉండేలా చేసిన ఇదే ట్యూబు. కాబట్టి చార్టులో ఈసీసీ83 అని, కొనే డబ్బా మీద 12ఏఎక్స్7 అని ఉంటే తటపటాయించకండి.

దీని అన్నదమ్ములు కొందరున్నారు. పిన్నుల అమరిక ఒకటే, హీటరు వోల్టేజి ఒకటే, బలం వేరు. ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ అనే అంకెతో దాన్ని కొలుస్తారు. 12ఏఎక్స్7కు 100, 5751కు 70, 12ఏటీ7కు 60, 12ఏవై7కు 40 పైచిలుకు, 12ఏయూ7కు 20 లోపు. 12ఏటీ7 యూరప్ పేరు ఈసీసీ81, 12ఏయూ7 పేరు ఈసీసీ82. అయితే 100 అన్నంత మాత్రాన సిగ్నల్ నూరింతలు కాదు. ఫెండర్ తరహా సర్క్యూట్లో ఒక్క దశలో వచ్చేది యాభై అరవై రెట్లే. అందుకే 5751 పెడితే కొందరు ఆశించినంత తగ్గదు, కాస్త మెత్తబడుతుందంతే.

గెయిన్ (సిగ్నల్‌ను పెంచే బలం) తగ్గించాలన్న కోరిక ఎవరికి వస్తుంది? ఫెండర్ హాట్ రాడ్ డీలక్స్ ఇంట్లో వాయించేవారిని అడగండి. వాల్యూమ్ ఒకటి దగ్గర గుసగుస, రెండు దగ్గర ఇరుగుపొరుగు తలుపు తట్టేంత మోత. వీ1లో 5751 గానీ, ఇంకాస్త దిగి 12ఏవై7 గానీ పెడితే నాబు తిరిగే మేర పెరిగినట్టుంటుంది. ఇదే యాంపుతో డిస్టార్షన్ పెడల్ వాడేవారికి ఈ మార్పు బాగా నచ్చుతుంది. యాంప్ తనంతట తాను చిట్లిపోయే స్వరం కావాలనుకునేవారికి మాత్రం ఇది చప్పగా అనిపిస్తుంది.

ఒక్క ట్యూబు రకంతో ఎంత తేడా వస్తుందో చరిత్రలోనే సాక్ష్యం ఉంది. ఫెండర్ బాస్‌మన్ 5ఎఫ్6-ఏ సర్క్యూట్లో మొదటి సాకెట్లో ఉన్నది 12ఏవై7. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ ఆ సర్క్యూట్‌నే దాదాపు యథాతథంగా తీసుకుని జేటీఎం45 తయారుచేసినప్పుడు, అక్కడ ఈసీసీ83 పెట్టారు. స్పీకర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఫీడ్‌బ్యాక్ వంటి తేడాలూ ఉన్నాయనుకోండి, కానీ ముందు దశలోనే గెయిన్ రెట్టింపుకు దగ్గరైంది. మార్షల్ కాస్త ముందుగానే గరగరమనడానికి అదీ ఒక కారణం.

12ఏటీ7 గురించి ఒక హెచ్చరిక. దీని ఫ్యాక్టర్ 60 కాబట్టి 5751కూ 12ఏవై7కూ నడుమ చక్కగా ఒదుగుతుందనుకుంటారు. కానీ ఇది ఎక్కువ కరెంటు పారేలా చేసిన ట్యూబు. 12ఏఎక్స్7 కోసం లెక్కగట్టిన రెసిస్టర్ల మధ్య దీన్ని కూర్చోబెడితే తనకు నప్పని చోట పనిచేస్తుంది, స్వరం బిగుసుకుపోయినట్టు వస్తుంది. పాడైపోదు, ప్రయత్నించి చూడొచ్చు. అదే 12ఏటీ7 డీలక్స్ రివర్బ్ వీ3లో, వీ6లో ఉన్నది కరెంటు అవసరమయ్యే. అక్కడ చార్టు ప్రకారం 12ఏటీ7నే ఉంచండి.

అసలు పెట్టకూడనివి వేరే ఉన్నాయి. ఈసీసీ88, దాని అమెరికా రూపం 6డీజే8, రష్యా 6ఎన్2పీ చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ హీటరు పిన్నుల అమరిక వేరు. 12బీహెచ్7కు పిన్నులు సరిపోతాయి గానీ హీటరు రెట్టింపు కరెంటు లాగుతుంది. మన ఇళ్లలో ఒక ప్రత్యేకమైన ప్రమాదం కూడా ఉంది, అటక మీది పాత వాల్వు రేడియో. 1961లో బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వుల తయారీ మొదలుపెట్టాక దేశంలోని ఎన్నో రేడియోల్లో ఆ కంపెనీ వాల్వులు కనిపించాయి. తాతగారి రేడియోలో తొమ్మిది పిన్నుల వాల్వులు చూసి, నిధి దొరికిందని యాంపులో పెట్టబోయేవారున్నారు. ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈసీసీ85 ఇవేవీ ఈసీసీ83కు బదులు కావు. పేరులోనే జాడ ఉంటుంది: ‘ఈ’ అంటే 6.3 వోల్టుల హీటరు, ‘సీసీ’ అంటే రెండు ట్రయోడ్లు, 80ల అంకె అంటే తొమ్మిది పిన్నుల దిమ్మె. ఆ మూడూ కలిసినా చివరి అంకె మారితే కథ మారిపోతుంది, ఈసీసీ85 అందుకు ఉదాహరణ. రేడియోను రేడియోగా ఉండనివ్వండి.

బ్రాండ్ల విషయానికొస్తే, డబ్బాలు బోలెడు, ఫ్యాక్టరీలు గుప్పెడు. స్లొవేకియాలోని చాద్‌సాలో జేజే ఎలక్ట్రానిక్ ఉంది. రష్యాలోని సరాటోవ్‌లో ఉన్న ఫ్యాక్టరీ నుంచి సోవ్‌టెక్, ఎలక్ట్రో హార్మొనిక్స్, టంగ్‌సోల్, మలార్డ్ పేర్లన్నీ వస్తాయి. ఆ పేర్ల హక్కులు అమెరికాలోని న్యూ సెన్సర్ కంపెనీవి. చైనా నుంచి స్వాన్ లాంటివి వస్తాయి. మిగతా చాలా పేర్లు ఈ ఫ్యాక్టరీల సరుకునే కొని, పరీక్షించి, తమ ముద్ర వేసి అమ్మేవి. ఇప్పటి మలార్డ్‌కు ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ మలార్డ్‌తో పేరు తప్ప చుట్టరికం లేదు. 2022లో యుద్ధం వచ్చాక రష్యా ట్యూబుల సరఫరా కొన్నాళ్లు తడబడి, ధరలు పెరిగాయి. అందుకే నచ్చిన ట్యూబు దొరికినప్పుడు ఒకటి అదనంగా కొని ఉంచుకోవడంలో తప్పులేదు.

‘తీపి స్వరం’, ‘వెచ్చని మధ్యమాలు’ అని రాసిన డబ్బాలకు ఎక్కువ పెట్టకండి. ఒకే సర్క్యూట్లో రెండు మంచి 12ఏఎక్స్7ల మధ్య తేడా ఉంటుంది, లేదనను. కానీ టోన్ నాబును ఒక గీత తిప్పితే వచ్చేంత తేడా. డబ్బు పెట్టదగ్గది పరీక్షకు. చప్పుడు తక్కువగా, మైక్రోఫోనిక్ కాకుండా ఉన్నాయని ఒక్కొక్కటిగా పరీక్షించి, మొదటి సాకెట్‌కు పనికొస్తుందని వేరుచేసి అమ్మే దుకాణం దగ్గర కొనండి. మీ ఛానెల్ మొదటి సాకెట్‌కు మాత్రమే ఆ రకం కావాలి. మిగతా సాకెట్లకు మామూలుది చాలు. ‘మ్యాచ్‌డ్’ జతలు ప్రీయాంప్‌కు అక్కర్లేదు. ఫేజ్ ఇన్వర్టర్ కోసం రెండు సగాలూ సమానంగా ఉన్న బ్యాలెన్స్‌డ్ ట్యూబు అమ్ముతారు, ఉంటే మంచిదే, లేకపోయినా కొంపేమీ మునగదు.

కాంబో వాడేవారు లోపలి ప్లేట్లు పొడుగ్గా ఉన్న రకాలకు దూరంగా ఉంటే మేలు, అవి త్వరగా కూస్తాయి. మార్షల్ తరహా యాంప్ ఉన్నవారు ఇంకోటి గమనించాలి. వాటిలో టోన్ నాబుల ముందు కాథోడ్ ఫాలోయర్ అనే దశ ఉంటుంది. జేసీఎం800లో అది వీ2లో ఉంటుంది. అక్కడ హీటరుకూ కాథోడ్‌కూ మధ్య వోల్టేజి బాగా ఎక్కువ, దాన్ని తట్టుకోలేక కొన్ని కొత్త ట్యూబులు తొందరగా పోతాయి. కొనేటప్పుడే ‘కాథోడ్ ఫాలోయర్ సాకెట్‌కు’ అని చెప్పి అడగండి. జవాబు చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకండి.

పాత నిల్వ సరుకు, అంటే దశాబ్దాల కిందటి టెలిఫంకెన్, బ్లాక్‌బర్న్ మలార్డ్‌ల మోజు ఉంటే మీ ఇష్టం. టెలిఫంకెన్ అసలుదానికి అడుగున పిన్నుల మధ్య గాజులో వజ్రం గుర్తు అచ్చై ఉంటుంది. నకిలీలు విపరీతం. కొలిచిన అంకెలు చూపించని పాత ట్యూబుకు పెద్ద డబ్బు పెట్టడం జూదమే. కోఠీ గుజరాతీ గల్లీలోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో పాత వాల్వు దొరికితే, నంబరు సరిపోతే, తక్కువ ధరకైతే తీసుకోండి. ముందు ఫేజ్ ఇన్వర్టర్లో పెట్టి చూడండి, నిశ్శబ్దంగా ఉంటే పైకి ప్రమోషన్ ఇవ్వండి.

మార్చడం

యాంప్ చల్లారింది, ప్లగ్ తీసి ఉంది. ఫోన్‌తో వెనక భాగం ఒక ఫొటో తీసుకోండి. టార్చిలైటు దగ్గర పెట్టుకోండి, కాంబోలో ట్యూబులు తలకిందులుగా వేలాడుతుంటాయి, సాకెట్ చీకట్లో ఉంటుంది.

రేకు తొడుగు ఉంటే దాన్ని ఛాసిస్ వైపు నొక్కి, కొంచెం ఎడమకు తిప్పి వదలండి. లోపలి స్ప్రింగే బయటికి నెడుతుంది. ట్యూబును గాజు మొదట్లో, సాకెట్‌కు దగ్గరగా పట్టుకోండి. కొసన పట్టుకుని వంచితే పిన్నుల దగ్గర గాజు చిట్లుతుంది. అటూ ఇటూ వెంట్రుకవాసి కదుపుతూ, చిన్న సున్నాలు చుట్టినట్టుగా ఆడిస్తూ, నేరుగా లాగండి. మెలిపెట్టకూడదు. సాకెట్ నేరుగా సర్క్యూట్ బోర్డుకు సోల్డర్ చేసిన యాంపుల్లో, బ్లూస్ జూనియర్ లాంటివి, మరీ మెల్లగా చేయాలి. మొరటుగా ఊపితే ట్యూబు బాగానే వస్తుంది, బోర్డు మీద సోల్డర్ చీలుతుంది. వారం తర్వాత మొదలయ్యే చిటపటకు మీరు కొత్త ట్యూబును తిట్టుకుంటారు.

బయటికి తీసిన ట్యూబును వెంటనే పక్కన పెట్టేయకండి. ఏ సాకెట్‌దో ఒక కాగితం ముక్క మీద రాసి దానికి అంటించండి. పాత ట్యూబుల మీది అక్షరాలు వేలితో రుద్దితేనే చెరిగిపోతాయి, స్పిరిట్‌తో తుడవాలన్న ఆలోచన మానుకోండి. హాలోజెన్ బల్బులా గాజును వేలితో తాకకూడదన్న నియమం దీనికి లేదు, తాకొచ్చు.

సాకెట్ పాతదైతే ఇప్పుడే కాస్త శుభ్రం చేయండి. కాంటాక్ట్ క్లీనర్‌ను సాకెట్లోకి నేరుగా చిమ్మకుండా, పాత ట్యూబు పిన్నులకు కొద్దిగా రాసి, నాలుగైదు సార్లు లోపలికీ బయటికీ ఆడించండి. పిన్నులతో పాటు నల్లటి మురికి వస్తుంది. పది నిమిషాలు ఆరనివ్వండి. చాలా చిటపటలు ఇక్కడితోనే పోతాయి, కొత్త ట్యూబు డబ్బా విప్పాల్సిన పనే ఉండదు. ఈ పని చేశాక పాత ట్యూబునే తిరిగి పెట్టి ఒకసారి వినడం తెలివైన పని. సాకెట్ పట్టు వదులైపోయి ట్యూబు ఊగిసలాడుతుంటే మాత్రం లోపలి రేకులు బిగించాలి, అది మెకానిక్ పని.

కొత్త ట్యూబు పిన్నులు చూడండి. పోస్టులో వచ్చేటప్పుడు ఒకటో రెండో వంగి ఉంటాయి. సన్నమూతి పట్టకారుతో, పిన్నును మధ్యలో కాకుండా గాజుకు కొంచెం పైన పట్టుకుని, మెల్లగా నిలబెట్టండి. తొమ్మిది పిన్నులూ గుండ్రంగా సమాన దూరంలో ఉన్నట్టున్నా ఒకచోట ఖాళీ ఎక్కువ. సాకెట్లోనూ ఒకచోట అలాంటి ఖాళీయే ఉంటుంది. ఆ రెండూ ఎదురెదురుగా రావాలి. కనిపించకపోతే ట్యూబును సాకెట్ మీద ఆనించి, బలం పెట్టకుండా నెమ్మదిగా తిప్పండి, ఒక స్థానంలో పిన్నులన్నీ కన్నాల్లో కొద్దిగా దిగినట్టు వేలికి తెలుస్తుంది. అప్పుడు నేరుగా, సమానంగా నొక్కండి. గట్టిగా అనిపిస్తే ఆగి మళ్లీ చూసుకోండి. గాజు అడుగు సాకెట్‌ను దాదాపు తాకేదాకా వెళ్లాలి. రేకు తొడుగు మళ్లీ తొడగండి, అది అందానికి కాదు, బయటి రొదను ఆపుతుంది, కాంబోలో ట్యూబు జారిపోకుండానూ చూస్తుంది.

ఆన్ చేశాక

స్పీకరు తగిలించి ఉందా? వాల్యూమ్, రివర్బ్ అన్నీ సున్నాలో ఉన్నాయా? స్టాండ్‌బై స్విచ్ ఉంటే స్టాండ్‌బైలో పెట్టి పవర్ వేయండి. ఒక నిమిషం ఆగి కొత్త ట్యూబులో నారింజ వెలుగు వచ్చిందో లేదో చూడండి. తర్వాత స్టాండ్‌బై తీసేసి వినండి. మొదటి కొద్ది నిమిషాలు సన్నని చిట్లింపులు వినిపిస్తే గాభరా పడొద్దు, వేడెక్కే గాజు, లోహం సర్దుకుంటున్న చప్పుళ్లవి. పావుగంట తర్వాత కూడా ఆగకపోతే ట్యూబు బాగోలేదు, వారెంటీలో మార్చుకోండి. ఫ్యూజ్ పోతే అదే రేటింగు ఫ్యూజ్ ఒక్కసారి వేసి చూడండి. మళ్లీ పోతే ఆపేసి మెకానిక్ దగ్గరికి వెళ్లండి. పెద్ద ఫ్యూజ్ వేయడం, వెండి కాగితం చుట్టడం లాంటి ఇంటి వైద్యం ట్రాన్స్‌ఫార్మర్ ప్రాణం మీదికి తెస్తుంది.

వాల్యూమ్ మెల్లగా పెంచి, మళ్లీ పెన్సిల్ పరీక్ష చేయండి. ఆ తర్వాత గిటార్ పెట్టి, మీరు రోజూ వాయించే స్థాయిలో, రోజూ వాయించేదే వాయించండి. స్వరం కోసం ట్యూబు మార్చినవారు పాతదాన్ని ఒకరోజు తర్వాత మళ్లీ పెట్టి పోల్చుకోండి. వెంటవెంటనే మార్చి వింటే చల్లారే అరగంటలో చెవి ముందటి స్వరాన్ని మర్చిపోయి, కొత్తదానికే ఓటు వేస్తుంది. ఫోన్‌ను ఒకే చోట ఉంచి, నాబులు ఒకే చోట ఉంచి రికార్డు చేసుకుంటే పక్షపాతం తగ్గుతుంది.

తీసేసిన ట్యూబుల్లో మైక్రోఫోనిక్ అయినవాటిని, బుస కొట్టేవాటిని ఫేజ్ ఇన్వర్టర్ కోసం లేదా అత్యవసరానికి ఉంచుకోండి, జబ్బేమిటో డబ్బా మీద రాసి. పాలపొర పట్టినవి, హీటరు తెగినవి, తట్టగానే పూర్తిగా సిగ్నల్ పోయేవి పారేయండి. మంచి 12ఏఎక్స్7 ఒకటి స్పాంజిలో చుట్టి గిటార్ సంచీ జేబులో ఉంచండి. ప్రోగ్రామ్ మధ్యలో యాంప్ కూయడం మొదలుపెడితే మొదటి సాకెట్లో దాన్ని పెట్టి చూడటమే చేయగలిగిన మొదటి పని. అలాంటప్పుడు చల్లారేదాకా అరగంట ఆగే వీలుండదు కాబట్టి, దాంతో పాటు ఒక మందపాటి నూలు గుడ్డ కూడా పెట్టుకోండి.